1914కు ముందు భారత సైన్యంలో ఆజ్ఞ ఎవరిది, అంచెలు ఏవి, 9వ సికింద్రాబాద్ డివిజన్ ఎక్కడ పోరాడింది?

మీ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు బ్రిటిష్ ప్రభుత్వం నడిపిన భారత సైన్యం ఏ అంచెలుగా ఏర్పడి ఉండేది, ఆజ్ఞ ఎక్కడ పుట్టి ఎవరి చేతుల మీదుగా సిపాయి దాకా చేరేది అన్నది మొదటిది. మీ ముత్తాతగారు “9వ సికింద్రాబాద్ డివిజన్”లో పనిచేశారని ఇంట్లో చెప్పుకొంటారు కాబట్టి ఆ డివిజన్ ఏ యుద్ధాలు చేసింది అన్నది రెండవది.

ముందు రెండవదానికి జవాబు చెబుతాను. 9వ సికింద్రాబాద్ డివిజన్ ఒక డివిజన్‌గా ఏ యుద్ధరంగానికీ వెళ్లలేదు. దానిలోని అశ్విక బ్రిగేడ్ ఫ్రాన్స్‌కూ, బెంగళూరు బ్రిగేడ్ తూర్పు ఆఫ్రికాకూ వెళ్లాయి. మిగిలిన పటాలాలలో (రెజిమెంట్లలో) కొన్ని వేరే డివిజన్ల కింద చేరాయి, కొన్ని దేశంలోనే కావలి కాశాయి. అందువల్ల డివిజన్ పేరు పట్టుకొని వెతికితే మీకు ఏమీ దొరకదు. మొదటి ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉన్నది: ఆ సైన్యంలో డివిజన్ అంటే శాంతికాలంలో ఒక ప్రాంతం, సిపాయికి నిజమైన ఇల్లు పటాలమే. పైన ప్రధాన కార్యాలయం ఉన్న సిమ్లాలో సర్వసేనాధిపతి అనే ఒక్క మనిషి చేతిలో అధికారమంతా పోగుపడి, కింద పటాలాలు ఎవరికి వారుగా గట్టిగా నిలబడి, ఈ రెండింటికీ మధ్య ఉండవలసిన అంచెలు పలచగా మిగిలిపోయిన సైన్యం అది.

నేను చాలాకాలం చరిత్ర బోధించి, విరమణ తరువాత పాత ఆర్మీ లిస్టులూ, పటాలాల చరిత్రలూ, యుద్ధకాలపు దినచర్య పుస్తకాలూ చదవడం అలవాటు చేసుకున్నాను. తాతల పతకాలు పట్టుకొని వచ్చేవారికి వాటి అంచు మీద చెక్కిన అక్షరాలు విడమరచి చెప్పడం కూడా అందులో భాగమైంది. కింద వ్రాసినది ఆ అనుభవంతో వ్రాసినదే.

పై అంచె: సిమ్లా, లండన్

1895 దాకా బెంగాల్, మద్రాసు, బొంబాయి అని మూడు రాజధానులకు (ప్రెసిడెన్సీలకు) మూడు సైన్యాలు ఉండేవి. ఆ ఏడాది వాటిని తీసివేసి పంజాబ్, బెంగాల్, మద్రాసు, బొంబాయి అనే నాలుగు కమాండ్లుగా మార్చారు. 1902 చివర సర్వసేనాధిపతిగా వచ్చిన కిచెనర్ ఈ మార్పును చివరిదాకా తీసుకువెళ్లాడు. 1903లో పటాలాలన్నిటికీ ఒకే వరుసలో కొత్త అంకెలు వేయించాడు. మద్రాసు కాల్బలం పాత అంకెకు 60, బొంబాయి కాల్బలం పాత అంకెకు 100 కలిపితే కొత్త అంకె వస్తుంది. నిజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారుల కింద నడిచిన హైదరాబాద్ కంటింజెంట్‌లోని కాల్బలం 94 నుంచి 99 వరకు అంకెలు పొందింది. కుటుంబాల దగ్గర ఉన్న కాగితాలు చదివేటప్పుడు ఈ కూడిక గుర్తుంటే సగం చిక్కు విడిపోతుంది: 1903కు ముందటి కాగితంలో “1వ మద్రాసు” అని ఉంటే ఆ తరువాతి కాగితంలో అదే పటాలం “61వ పయొనీర్స్” అవుతుంది.

అంకెల కంటె పెద్ద గొడవ అధికారం గురించి జరిగింది. అప్పటిదాకా సర్వసేనాధిపతి సైన్యాన్ని నడిపేవాడు. సరఫరా, రవాణా, ఖర్చు వంటివి వైస్రాయి మండలిలోని సైనిక సభ్యుడి చేతిలో ఉండేవి. ఆ సభ్యుడు కూడా సైనికాధికారే, హోదాలో సర్వసేనాధిపతి కంటె చిన్నవాడు. అయినా సర్వసేనాధిపతి పంపిన ప్రతిపాదన మీద తన అభిప్రాయం వ్రాసి, కావాలంటే దానికి అడ్డుపడగలిగేవాడు. కిచెనర్‌కు ఇది మింగుడు పడలేదు. ఇద్దరి మాట నడిచే సైన్యం యుద్ధానికి పనికిరాదని అతని వాదన. సైన్యం మొత్తం ఒక్కడి చేతికి పోతే వైస్రాయికి రెండో సలహా చెప్పేవాడే ఉండడని అప్పటి వైస్రాయి కర్జన్ వాదన. లండన్ కిచెనర్ వైపు మొగ్గింది. 1905 ఆగస్టులో కర్జన్ రాజీనామా చేశాడు. సరఫరాకు మాత్రమే ఒక చిన్న శాఖ మిగిల్చి, 1909లో దానిని కూడా ఎత్తివేశారు. అక్కడినుంచి సర్వసేనాధిపతి ఒక్కడే సైన్యాన్ని నడిపేవాడు, సైన్యశాఖ మంత్రి వంటివాడు, వైస్రాయికి ఏకైక సైనిక సలహాదారు.

నా దృష్టిలో కిచెనర్ రోగాన్ని సరిగానే గుర్తించాడు గాని మందు మోతాదు మించింది. మండలి సభ్యుడిగా సిమ్లా, ఢిల్లీలలో కూర్చోవలసినవాడు సైన్యం దగ్గరికి వెళ్లలేడు. వెళితే మండలిలో అతని కుర్చీ ఖాళీ. 1914 మార్చిలో ఆ పదవికి వచ్చిన బ్యూచాంప్ డఫ్ సమర్థుడైన కార్యాలయాధికారి. యుద్ధం వచ్చాక మెసపొటేమియా (నేటి ఇరాక్) దండయాత్రను అతను సిమ్లా నుంచే, టెలిగ్రాముల మీద నడపవలసి వచ్చింది. 1916 ఫిబ్రవరిలో ఆ రంగం లండన్ యుద్ధ కార్యాలయం చేతికి పోయింది. ఏప్రిల్ 29న అక్కడి కూట్ పట్టణంలో జనరల్ టౌన్షెండ్ సైన్యం తుర్కులకు లొంగిపోయింది. 1917లో వచ్చిన విచారణ సంఘం నివేదిక తప్పు పట్టినవాటిలో ఈ ఒకే చేతి ఏర్పాటు కూడా ఉన్నది.

మధ్య అంచె: రెండు సైన్యాలు, తొమ్మిది డివిజన్లు

కిచెనర్ ఏర్పాటులో దేశం ఉత్తర సైన్యం, దక్షిణ సైన్యం అని రెండు ముక్కలు. ఉత్తర సైన్యం కింద పెషావర్, రావల్పిండి, లాహోర్, మీరట్, లక్నో డివిజన్లూ, కోహాట్, బన్నూ, డెరాజాత్ సరిహద్దు బ్రిగేడ్లూ ఉండేవి. దక్షిణ సైన్యం కింద క్వెట్టా, మౌ, పూనా, సికింద్రాబాద్ డివిజన్లూ, ఈ తొమ్మిది లెక్కలో చేరని బర్మా డివిజన్, ఏడెన్ బ్రిగేడ్ ఉండేవి. పటం దగ్గర పెట్టుకొని ఈ పేర్లు చూస్తే ఆలోచన ఇట్టే తెలుస్తుంది. రష్యా అఫ్గానిస్తాన్ మీదుగా దిగి వస్తుందన్న భయంతో, ఒక వరుస కాబూల్ దారికి, మరొకటి కాందహార్ దారికి, రైలు మార్గాల వెంట ఒకదాని వెనుక ఒకటిగా నిలిపిన డివిజన్లు ఇవి. ముందున్నది కదిలితే వెనుకది రైలెక్కి ఆ చోటికి చేరాలి. దక్షిణపు వరుసలో అన్నిటికంటె వెనుక ఉన్నది మన సికింద్రాబాద్. లష్కర్ అని మన పెద్దవాళ్లు నేటికీ పిలిచే ఆ ఊరు వాయవ్య సరిహద్దు యుద్ధానికి చివరి బోగీ అన్నమాట.

ఉత్తర, దక్షిణ సైన్యాధిపతులు హోదాకు పెద్దవారు. అయితే వారికి పరిపాలన సిబ్బంది లేదు. డివిజన్ అధిపతులు రోజువారీ వ్యవహారాలన్నీ నేరుగా ప్రధాన కార్యాలయానికే వ్రాసేవారు. తనిఖీలు, విన్యాసాలు సైన్యాధిపతివి. కాగితం మాత్రం అతన్ని దాటి సిమ్లాకు పోయేది. పై కార్యాలయం మీద పని ఎంత పేరుకొన్నదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

డివిజన్ అధిపతి మేజర్ జనరల్. అతని కింద బ్రిగేడ్లు. కాల్బలపు బ్రిగేడ్‌లో సాధారణంగా నాలుగు పటాలాలు, వాటిలో ఒకటి బ్రిటిష్, మూడు భారతీయం. ఇది 1857 నేర్పిన జాగ్రత్త. ఫిరంగుల విషయంలో ఆ జాగ్రత్త ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది: మైదానపు ఫిరంగులు బ్రిటిష్‌వారివి, భారతీయులకు దక్కినవి కొండల మీదికి కంచరగాడిదలపై మోసుకుపోయే మౌంటెన్ బ్యాటరీలు మాత్రమే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. శాంతికాలపు డివిజన్‌లోని పటాలాలన్నీ యుద్ధానికి వెళ్లేవి కావు. కదిలే డివిజన్‌కు కావలసినవి ఏరి తీసి, తక్కినవి కంటోన్మెంట్లకూ, కోటలకూ, ఊళ్లలో అల్లర్లు అణచడానికీ ఉంచేవారు. తొమ్మిది డివిజన్లు కదలగలవని కిచెనర్ ఉద్దేశం. 1907లో రష్యాతో ఒప్పందం కుదిరి భయం తగ్గింది. ఖర్చు తగ్గించాలన్న ఒత్తిడి పెరిగింది. 1912లో నికల్సన్ అధ్యక్షతన కూర్చున్న సంఘం ఏడు డివిజన్లు, ఐదు అశ్విక బ్రిగేడ్ల సైన్యం చాలునన్నది. డివిజన్‌కు పైన ఉండవలసిన కోర్ అనే అంచె ఈ ఏర్పాటులో అసలు లేనేలేదు. 1914లో లాహోర్, మీరట్ డివిజన్లను ఫ్రాన్స్‌కు పంపినప్పుడు ఇండియన్ కోర్ అనేదాన్ని అప్పటికప్పుడు కూర్చి, ఉత్తర సైన్యాధిపతి విల్కాక్స్‌ను దానికి పెద్దను చేశారు.

కింది అంచె: పటాలం

నాకు ఎక్కువ ఇష్టమైనదీ, మీకు ఎక్కువ పనికివచ్చేదీ ఈ భాగం.

యుద్ధానికి ముందు భారత సైన్యంలో 39 అశ్విక రెజిమెంట్లు, 138 కాల్బలపు బెటాలియన్లు ఉండేవి; వాటిలో 20 గూర్ఖాలవి. వీటితోపాటు మూడు శాపర్స్ అండ్ మైనర్స్ దళాలు (వంతెనలు, కందకాలు, పేలుళ్ల పని చూసే ఇంజనీరు దళాలు), పన్నెండు మౌంటెన్ బ్యాటరీలు. భారతీయ సైనికులు సుమారు 1,60,000 మంది. దేశంలో ఉన్న బ్రిటిష్ సైనికులు సుమారు 75,000 మంది. గూర్ఖాలను మినహాయిస్తే దాదాపు ప్రతి కాల్బలపు రెజిమెంటూ ఒకే ఒక బెటాలియన్. మన వాడుకలోని పటాలం అన్న మాట రెండింటికీ సరిపోవడానికి కారణం బహుశా ఇదే.

పటాలంలో ఎనిమిది కంపెనీలు, ఏడు వందలకు పైగా జవాన్లు. లెఫ్టినెంట్ కర్నల్ హోదాలోని కమాండెంట్‌తో కలిపి పన్నెండు, పదమూడు మంది బ్రిటిష్ అధికారులు. పదిహేడు మంది దాకా భారతీయ అధికారులు. రెండేసి కంపెనీలను కలిపి డబుల్ కంపెనీ అని ఒక బ్రిటిష్ అధికారి కింద ఉంచేవారు. ఒక్కొక్క కంపెనీని నడిపేవాడు సుబేదారు, అతనికి తోడు జమేదారు. కింద హవల్దారు, నాయక్, లాన్స్ నాయక్, సిపాయి. గుర్రపు దళంలో సుబేదారుకు బదులు రిసాల్దారు, హవల్దారుకు బదులు దఫేదారు, సిపాయికి బదులు సవారు.

సుబేదారు మేజర్ పటాలంలోని భారతీయులందరికీ పెద్ద. కమాండెంట్‌కు జవాన్ల మనసులోని మాట చెప్పేవాడు, కమాండెంట్ మాటను జవాన్లకు నచ్చచెప్పేవాడు అతనే. అయినా అతనిది వైస్రాయి ఇచ్చిన కమిషన్, రాజు ఇచ్చినది కాదు. ముప్పై ఏళ్లు సేవ చేసి తల నెరిసిన సుబేదారు మేజర్ కూడా నిన్నగాక మొన్న వచ్చిన కుర్ర బ్రిటిష్ లెఫ్టినెంట్‌కు సెల్యూట్ చేయవలసిందే. పోరాడే పటాలాలలో ఇంగ్లండ్ రాజు కమిషన్ భారతీయులకు ఇవ్వడం 1917లో గాని మొదలు కాలేదు. ఒక కుటుంబం నా దగ్గరికి వచ్చి “మా పెద్దతాతగారు మేజరు” అని గర్వంగా చెప్పినప్పుడు, కాగితం చూస్తే సుబేదారు మేజర్ అని ఉన్నది. వారికి కొంచెం చిన్నబోయినట్టయింది. సిపాయిగా చేరి ఆ హోదాకు ఎక్కడం ఎంత కష్టమో చెప్పిన తరువాత వారి ముఖాలు మళ్లీ వెలిగాయి.

సిపాయి జీతం 1911 నుంచి నెలకు 11 రూపాయలు. గుర్రపు దళాలలో చాలావాటిలో సిల్లాదారీ పద్ధతి నడిచేది: గుర్రం, జీను, సరంజామా సవారువే, జీతం కొంచెం ఎక్కువ. ఈ పద్ధతిలో లేనివి మద్రాసు నుంచి వచ్చిన 26, 27, 28 లైట్ క్యావల్రీలు. శాంతికాలంలో సర్కారుకు చౌకగా కనిపించిన సిల్లాదారీ, యుద్ధంలో గుర్రాలు వందల లెక్కన చచ్చినప్పుడు నిలువలేకపోయింది.

తెలుగువారు ఎక్కడ ఉన్నారు?

ఈ ప్రశ్న మీరు నేరుగా అడగలేదు గాని, మీకు దీని అవసరం ఉంది. ఈస్టిండియా కంపెనీ కాలంలో ఉత్తరాదివారు సిపాయిలను తిలంగాలు అని పిలిచేవారు. తొలి సిపాయిలు దక్షిణం నుంచి వెళ్లినవారు కావడమే అందుకు కారణం. అటువంటి పేరు తెచ్చుకొన్న తెలుగువారికి 1880ల తరువాత చోటు కుంచించుకుపోయింది. మద్రాసులో సేనాధిపతిగా పనిచేసి తరువాత దేశానికే సర్వసేనాధిపతి అయిన రాబర్ట్స్, దక్షిణాదివారు యుద్ధానికి పనికిరారని గట్టిగా నమ్మాడు. వీరజాతులు అనే సిద్ధాంతం పేరుతో పంజాబీలు, పఠాన్లు, గూర్ఖాల సంఖ్య పెంచి, మద్రాసు కాల్బలాన్ని 1862లో ఉన్న 40 బెటాలియన్ల నుంచి 1914 నాటికి 11కు దించారు. చాలాకాలం యుద్ధం చూడని పటాలాలకు పదును తగ్గడం వేరు, ఆ జాతికే శౌర్యం లేదనడం వేరు. రాబర్ట్స్ ఈ రెండింటినీ ఒకటిగా కలిపివేశాడని నా అభిప్రాయం.

అందువల్ల మద్రాసు వరుస అంకె ఉన్నంతమాత్రాన అందులో మద్రాసువారు ఉన్నారనుకోకండి. 62, 66, 67, 76 వంటి అంకెల పటాలాలు పాత మద్రాసు వారసత్వానివే, 1914 నాటికి మాత్రం వాటి పేరు పంజాబీస్. ఒక చిన్న వ్యాసం కోసం నేను 67వ పంజాబీస్‌లో తెలుగు పేర్లు వెతుకుతూ కొన్ని వారాలు వృథా చేసుకొన్నాను; అంకెను చూశాను గాని పక్కనున్న పేరును పట్టించుకోలేదు. 94 నుంచి 99 దాకా ఉన్న హైదరాబాద్ వారసత్వపు పటాలాలలో కూడా ఎక్కువమంది దక్కనీ ముస్లింలు, జాట్లు, రాజపుత్రులు.

కాల్బలంలో తెలుగువారిని చేర్చుకోవడం దాదాపు ఆగిపోయినా, రెండు చోట్ల దక్షిణాదివారికి గౌరవం తగ్గలేదు. ఒకటి పయొనీర్లు, అంటే తుపాకీతోపాటు పలుగూ పారా పట్టే 61, 64, 81 పటాలాలు. రెండవది బెంగళూరులోని 2వ శాపర్స్ అండ్ మైనర్స్. ముళ్లకంచెలను పేల్చివేసే బెంగళూరు టార్పీడో 1912లో పుట్టినది ఈ శాపర్ల దగ్గరే. విజయనగరం వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం పతకం అంచున “2 ఎస్ అండ్ ఎం” అని చూసి, ఏదో రెండవ బెటాలియన్ అనుకొన్నారు. అది ఈ దళమే.

1914లో ఏది తెగింది?

సరిహద్దులో కొద్ది నెలల దండయాత్రకు ఈ ఏర్పాటు చక్కగా సరిపోయేది. సముద్రాల అవతల ఏళ్ల తరబడి జరిగే యుద్ధానికి మూడు చోట్ల తెగింది.

మొదటిది భర్తీ. ఒక్కొక్క పటాలానికి ఒకే బెటాలియన్ కావడం వల్ల వెనుక నుంచి మనుషులను పంపే తల్లి దళం లేదు. మూడేసి పటాలాలను ఒక జట్టుగా కట్టిన పద్ధతి 1886 నుంచి ఉన్నా అది ఈ బరువు మోయలేదు. కాగితం మీద సుమారు 35,000 మంది రిజర్వు ఉన్నారు. పిలిచి చూస్తే ఎంతోమంది వయసు మళ్లినవారు. రెండవది అధికారులు. పటాలానికి పన్నెండు మంది మాత్రమే కావడంతో, జవాన్ల భాష, ఊరు, కులం తెలిసిన ఆ పన్నెండు మందిలో సగం ఒక్కరోజులో పడిపోతే వారి స్థానంలోకి రావడానికి ఎవరూ లేరు. అధికారుల రిజర్వు మొత్తం 1914లో 40 మంది. మూడవది కూర్పు. సెప్టెంబరు 26న మార్సెయిల్స్‌లో దిగిన లాహోర్ డివిజన్‌కు కొత్త రైఫిళ్లు ఫ్రాన్స్‌లోనే ఇచ్చారు. అక్టోబరు చివర బెల్జియంలోని ఈప్ర దగ్గర దాని పటాలాలను ముక్కలు చేసి బ్రిటిష్ అశ్వికదళాల మధ్య ఖాళీలు పూడ్చడానికి వాడారు.

మీ డివిజన్ కథ కూడా ఇటువంటిదే. సికింద్రాబాద్ అశ్విక బ్రిగేడ్ (7వ డ్రాగూన్ గార్డ్స్, 20వ డెక్కన్ హార్స్, 34వ పూనా హార్స్) ఫ్రాన్స్‌కు వెళ్లి గుర్రాలు దిగి కందకాలలో కూడా పోరాడింది; 1916 జూలై 14న సోమ్ దగ్గర హై వుడ్ వద్ద మాత్రం బల్లేలతో దూకింది. బెంగళూరు బ్రిగేడ్ 1914 నవంబరు 2 నుంచి 5 వరకు తూర్పు ఆఫ్రికాలోని టాంగా వద్ద దిగి ఘోరంగా ఓడింది. నెలరోజుల పాటు ఓడల్లో మగ్గి, కలిసి విన్యాసాలు చేయని పటాలాలు, తమకు తెలియని అధిపతి ఐట్కెన్ కింద అడవిలోకి నడిచాయి. తుపాకుల మోతకు తేనెపట్లు రేగి 98వ పటాలం మీద విరుచుకుపడిన సంగతి అన్ని వృత్తాంతాలలోనూ కనిపిస్తుంది. అక్కడి ఓటమిని కొందరు దక్షిణాది పటాలాల పిరికితనంగా వ్రాశారు. అదే రంగంలో బ్రిటిష్‌వారి లాంకషైర్ పటాలం కూడా వెనక్కు తగ్గవలసి వచ్చింది. తప్పు జవానుది కంటె, తగిన సరంజామా లేని బలగాన్ని గూఢచర్యం లేకుండా దింపినవారిది ఎక్కువ.

ఇక మీరు చేయవలసిన పని. ముత్తాతగారి పతకం ఇంట్లో ఉంటే దాని అంచును భూతద్దంతో చూడండి. సంఖ్య, హోదా, పేరు, పటాలం వరుసగా చెక్కి ఉంటాయి. అది బ్రిటిష్ వార్ మెడల్ అయి, వెండిది కాక కంచుదైతే ఆయన సాయుధ సిపాయి గాక, లేబర్ కోర్ వంటి శ్రమదళంలోని మనిషి అయి ఉండే అవకాశం ఎక్కువ. పతకం లేకపోతే పింఛను కాగితంలో హోదా, పటాలం అంకె వెతకండి. “సికింద్రాబాద్ డివిజన్” అని ఇంట్లో నిలిచిన మాటకు అర్థం ఆయన తిరుమలగిరి లైన్లలో ఉండేవారని మాత్రమే కావచ్చు. ఆ అంకె ఎంతో చెప్పండి. 61 అయితే టాంగా నుంచి, 20వ డెక్కన్ హార్స్ అయితే ఫ్రాన్స్ నుంచి మొదలుపెట్టి ఎక్కడ వెతకాలో వివరంగా వ్రాస్తాను.